పాశ్చాత్య చిత్రములందు శ్వేతముఖ విదూషకుఁడు

ఐరోపా, అమెరికా ఖండముల చిత్రశాలలందును, నేఁటి నగరముల వీథిగోడలమీఁదను మాటిమాటికిఁ గానవచ్చు మూర్తి యొకటి కలదు. వాని మొగము తెల్లగాఁ బూయఁబడి యుండును. పెదవు లెఱ్ఱన, దుస్తులు వదులు. నవ్వింపవలసినవాఁ డయ్యును వాఁడు చిత్రములందుఁ దఱచుగా నోరు మూసికొని, మనవైపు చూచుచు నిలుచుండును. సర్కసులఁ జూచిన మనవారు వీనిని బఫూనందురు. ఈ వ్యాసమున వానిని విదూషకుఁడనియే వ్యవహరించెదను. సంస్కృతరూపకములందలి విదూషకునికిని వానికిని భేదము పెద్దదే. ఆ భేదమే యిక్కడఁ గొంత ప్రయోజనకారి కాఁగలదు.

ఈ మూర్తికి లోకము చెప్పుకొను నర్థము మిక్కిలి ప్రసిద్ధము. పరుల నవ్వించువాఁడు లోలోపల నేడ్చుచుండును. తెల్లరంగు వాని శోకమును గప్పిన తెర. మౌనము వాని హృదయభారము. కథలు, చలనచిత్రములు, గోడపటములు నన్నియు నీ వ్యాఖ్యానమునే వల్లించుచున్నవి. ఇది వినుటకు రమణీయమే కాని చరిత్రకు సరిపడదు. ఈ విదూషకుఁడు దుఃఖముచేత మూఁగవాఁడు కాలేదు, శాసనముచేత నయ్యెను. పారిసు నగరమునందలి యధికారులు పలుమాఱులు వాని నోరు కట్టిరి. నోరు కట్టఁబడిన పిదప వానికి మొగమును, కాలుసేతులును మాత్రమే మిగిలెను. ఆ మొగమునే చిత్రకారులు పట్టుకొనిరి. శోకవ్యాఖ్య చాల తరువాత వచ్చి, శాసనపు జాడను మాపివేసినది.

తెల్లరంగునకు మౌనము సహజార్థమని తలఁచువారికి మన దేశమే ప్రత్యుత్తరము. కేరళమునఁ గూడియాట్టములోను, చాక్యార్ కూత్తులోను విదూషకుఁడు బియ్యపుపిండి ముద్దతో మొగము తెల్లగాఁ జేసికొని, నొసటను, ముక్కుమీఁదను, చెక్కులమీఁదను ఎఱ్ఱని చుక్కలు పెట్టుకొని రంగమునకు వచ్చును. చూపులకుఁ బాశ్చాత్య విదూషకునికి దాయాదివలె నుండును. కాని వాని యాయుధము మాట. సంస్కృతశ్లోకమునకు మలయాళమున విపులముగా వ్యాఖ్యానము చెప్పుచు, సభలోఁ గూర్చున్న దొరలనుగూడ వేళాకోళము చేయును. ఆ సమయమున వాని నాక్షేపింపరాదని సంప్రదాయము. మృచ్ఛకటికములోని మైత్రేయుఁడును, శాకుంతలములోని మాధవ్యుఁడును బలుకునది ప్రాకృతమైనను, పలుకుటలో వెనుదీయరు. ఇఁక మన తోలుబొమ్మలాటలోఁ గేతిగాఁడును, బంగారక్కయు, జుట్టుపోలిగాఁడును తెరమీఁదికి వచ్చిరన్నచో రామరావణయుద్ధమైనను గొంతసే పాఁగవలసినదే. నోరు మెదపరాదను నిబంధన వీరి కళలో లేదు. తెలుపు మౌనమునకుఁ జిహ్నముగా మాఱుట ప్రధానముగా ఫ్రాన్సులో జరిగిన యొక ప్రత్యేకచరిత్ర.

పదాఱవ శతాబ్దిలో ఇటలీదేశమునఁ 'గొమ్మేదియా దెల్లార్తె' యను నాటకరీతి వ్యాపించెను. అందు వ్రాసిన నాటకము లేదు. కథాసారమును మాత్రము నిర్ణయించుకొని నటులు రంగముమీఁదనే సంభాషణలు కల్పించుకొందురు. ఒక్కొక్క నటుఁడు తఱచుగా జీవితమంతయు నొకే పాత్రను ధరించును. టక్కరిసేవకుఁడైన ఆర్లెకినో నల్లని తోలుముసుఁగు తొడుగుకొనును. శాస్త్రము వల్లించు వైద్యునికిని, లోభియగు వృద్ధునికిని ముసుఁగులే. 17వ శతాబ్దిలోఁ బారిసున స్థిరపడిన ఇటాలియను నటులకుఁ బియరో యను పాత్ర లభించెను. మోలియేరు 1665లోఁ దన 'దోం జువాన్' నాటకమునఁ బియరో యను పల్లెటూరివానిని బ్రవేశపెట్టఁగా, 1673లో ఇటాలియనులు వానిని దమ ప్రహసనములోనికిఁ దెచ్చుకొనిరి. ఆ పాత్రకుఁ బేరు తెచ్చిన నటుఁడు జుసెప్పే జరతోనె.

పియరోకు ముసుఁగు లేదు. ముసుఁగునకు బదులు పిండి. పిండి పూసికొనుట ఫ్రెంచి ప్రహసననటుల పాత యలవాటే. 17వ శతాబ్ది తొలిభాగమున గ్రో గియోమ్ అను స్థూలకాయుఁడు పిండిమొగముతోనే పారిసు ప్రజల నవ్వించెను. కావునఁ దొలుత నీ తెలుపు శోకమునకు గుఱుతు కాదు, మృత్యువునకును గాదు. తిరుగలినుండి తిన్నగా లేచి వచ్చిన మోటువాని గుఱుతు. ఆ పియరో మాటాడెడివాఁడు. అనవలసినవియు, అనరానివియు గూడ మాటాడెడివాఁడు.

1697 మే మాసమునఁ బదునాలుగవ లూయీ ఇటాలియను నటులను బారిసునుండి వెడలఁగొట్టెను. వారు ప్రకటించిన 'కపటసాధ్వి' యను నర్థముగల పేరి ప్రహసనము, రాజు రహస్యముగాఁ బెండ్లాడిన మదాం ద మాంతెనోను నుద్దేశించినదని పుట్టిన వదంతియే కారణమని నాఁటివారు చెప్పుకొనిరి. రంగశాల మూతపడెను గాని పాత్రలు దేశము విడువలేదు. సెం జెర్మెన్, సెం లోరాన్ అను రెండు పెద్దసంతలలోఁ బాకలు వేసికొని యాడుకొను గారడివారును, త్రాటిమీఁద నడచువారును ఆ పాత్రలను బంచుకొనిరి. జనము విరగఁబడి వచ్చిరి. అంతట 'కొమెదీ ఫ్రాంసేజ్' అను రాజనాటకశాలవారు, పారిసులో ఫ్రెంచిభాషయందు నాటకమాడు హక్కు 1680నాఁటి రాజాజ్ఞచేఁ దమ కొక్కరికే సంక్రమించినదని న్యాయస్థానముల కెక్కిరి.

ఈ తగవు నడచిన తీరు కొంత విస్తరించి చెప్పఁదగినది. సంభాషణలు కూడవని తొలుత నుత్తరువు వచ్చెను. సంతనటులు వెంటనే యుపాయము పన్నిరి. ఒకఁడు మాటాడును, రెండవవాఁడు సైగలతోఁ బ్రత్యుత్తర మిచ్చును. లేదా మాటాడినవాఁడు తెరచాటునకుఁ దప్పుకొనఁగా వేఱొకఁడు వచ్చి తన వంతు చెప్పును. ఎవఁడైనను ఒంటరిగానే మాటాడుచున్నాఁడు గదా, అది సంభాషణ మెట్లగునని వారి వాదము. మీమాంసకులు సయితము మెచ్చఁదగిన వాదమే కాని, న్యాయాధిపతులు మెచ్చలేదు. ఆ మార్గమును మూయఁబడెను. పాడుదమన్న, సంగీతనాటకశాలవారికి వేఱొక హక్కుపత్ర మున్నది. వారికి సొమ్ము చెల్లింపక పాడరాదు. ఇట్లు ద్వారము లొక్కొక్కటియే మూసికొని పోఁగా, 1710 ప్రాంతమునకు సంతరంగములపై వట్టి యభినయము మాత్రమే మిగిలెను.

అప్పుడు నటులు జేబులలోఁ గాగితపుచుట్టలు పెట్టుకొని రాసాగిరి. పాత్ర పలుకవలసిన మాటలు వానిమీఁదఁ బెద్దయక్షరములతో వ్రాయఁబడి యుండును. సమయము వచ్చినపుడు నటుఁడు చుట్టను విప్పి ప్రేక్షకులకుఁ జూపును. కొన్నియేండ్లలో నీ పలకలు పైనుండి దిగవిడువఁబడుట యారంభమయ్యెను. మన్మథవేషములు వేసికొన్న పిల్లలు వానిని బట్టుకొని గాలిలో వ్రేలాడుచుందురు. పలకమీఁదివి వట్టి వచనములు గావు. అందఱు నెఱిఁగిన వీథిపాటల బాణీలకుఁ గట్టిన చరణములు. వాద్యకారు లా బాణీ నందుకొందురు. ప్రేక్షకులనడుమ ముందే కూర్చుండఁబెట్టఁబడిన మనుష్యులు గొంతెత్తుదురు. సభ యంతయుఁ బాడును. నటుఁడు మాత్రము పెదవి కదపక, చేతులతో నభినయించుచు నిలుచుండును. పలికినవారు ప్రజలు, హక్కుపత్రములలోఁ బ్రజల గొంతును గూర్చి యెవ్వరును వ్రాసికొని యుండలేదు. నాటకశాసనముల చరిత్రలో నింతకన్నఁ జమత్కారమైన ధిక్కారమును నే నెఱుఁగను.

నోరు మూసికొని జనమునకు నెదురుగా నిలిచిన తెల్లని మూర్తి. వాని మాట యంతయుఁ జూచువారి నోట. ఈ విదూషకుని చిత్రార్థము పుట్టినది కన్నీటిలోఁ గాదు, ఇక్కడనే యని నా యభిప్రాయము.

దీనికి గొప్ప సాక్షి ఆంత్వాన్ వాటో. ఇతఁడు 1684లో వాలెన్సియెన్ పట్టణమునఁ బుట్టి 1702 ప్రాంతమునఁ బారిసు చేరెను. కావున ఇటాలియనుల వెడలింపును గన్నులారఁ జూచినవాఁడు కాఁడు. ఐనను దానిని జిత్రించెను. మూలచిత్రము నశింపఁగా 1729నాఁటి ముద్రాప్రతి నిలిచినది. నాటకదృశ్యములు వ్రాయుటలో నేర్పరియైన క్లోద్ జీలో యితని గురువు. వాటో స్వయముగాఁ జూచిన పియరో సంతలలోని పియరోయే. రాజు మరణించిన మఱుచటి యేఁట, 1716లో, రాజప్రతినిధి ఇటాలియనులను మఱలఁ బిలిపించెను. వాటో 1718-19 ప్రాంతమునఁ దన పెద్దచిత్రమును వ్రాసెను. అది యిప్పుడు లూవ్రు చిత్రశాలలో నున్నది. చిరకాలము 'జీల్' అను పేరఁ బరఁగినదానిని నేఁడు 'పియరో' యనియే పేర్కొనుచున్నారు. ఎత్తు ఆఱడుగులు, వెడల్పు దాదాపు ఐదడుగులు. విదూషకుఁడు నిలువెత్తు మనుష్యుఁడు.

వాఁడు చిన్నగుట్టమీఁద నొంటరిగా నిలిచియున్నాఁడు. చేతులు ప్రక్కల వ్రేలఁబడినవి. తెల్లని చొక్కాకుఁ జేతులు పొడవెక్కువ. లాగునకుఁ బొడవు తక్కువ. తలవెనుక టోపియంచు గుండ్రముగాఁ గనఁబడును. వాని పాదములకు దిగువను, గుట్టకు వెనుకను, తోడినటులు సగము మఱుఁగుపడి యున్నారు: గాడిదనెక్కిన వైద్యుఁడు, ప్రేమికు లిరువురు, ఎఱ్ఱటోపీ సేనాని. గాడిద కన్నొకటి మనలను సూటిగాఁ జూచుచున్నది. వెనుకవారి కందఱికి నేదో పని యున్నది, నవ్వులున్నవి. పియరోకు మాత్రము నిలుచుటయే పని.

శోకవ్యాఖ్య గట్టిగాఁ బట్టుకొన్నది యీ చిత్రమునే. వాటో రోగపీడితుఁడై 1721లో ముప్పదియాఱేండ్లకే మరణించుటను దలఁచుకొని, 19వ శతాబ్ది రచయితలు పియరో కన్నులలోఁ జిత్రకారుని దుఃఖమును జదివిరి. చిత్రములోఁ గన్నీరు లేదు; మూసిన పెదవు లున్నవి. ఆ నిలుకడ ప్రదర్శనమునకు ముందు పాక వెలుపలి తిన్నెమీఁద నిలిచి జనమును రావించు సంతనటుని నిలుకడ. ఇంకొక మాటయుఁ గలదు. పియరో పాత్రధారియగు బెల్లోని యను నటుఁడు కాఫీ యంగడి పెట్టెను. ఆ యంగడికి నామఫలకముగా నీ చిత్రము వ్రాయఁబడినదని కొందఱు పండితు లూహించిరి. దీనికి లిఖితసాక్ష్యము లేదు. చిత్రపు పరిమాణము మాత్ర మూహకుఁ బ్రతికూలము కాదు. ఆ యూహయే నిజమైనచో, ఐరోపాలోకెల్లఁ బూజింపఁబడు విదూషకచిత్రము వీథిలో నంగడిగుమ్మముపై వ్రేలాడుటకుఁ బుట్టిన పలక యగును. 2024లో లూవ్రువారు పసుపువాఱిన వార్నీషును దొలఁగించి, చిత్రమును సంస్కరించి, ప్రత్యేకప్రదర్శన మొకటి యేర్పాటు చేసిరి.

ఇంగ్లాండు సంగతి క్లుప్తముగాఁ జెప్పినఁ జాలును. 1737నాఁటి శాసనమునుండి లండనులో మాటలనాటక మాడు హక్కు రాజపత్రము గల నాటకశాలలకే చెల్లెను. సాడ్లర్స్ వెల్స్ వంటి చిన్నశాలలు పాటతోను, ఆటతోను, సైగలతోను బ్రదుకవలసివచ్చెను. 1843 వఱకు నీ కట్టు సడలలేదు. అక్కడఁ బెరిఁగినవాఁడు జోసెఫ్ గ్రిమాల్డి (1778-1837). తెల్లని మొగముపై రెండు చెక్కులను ఎఱ్ఱని త్రికోణములు పెట్టినవాఁ డితఁడే. ఇంగ్లీషు సర్కసువా రితని ముద్దుపేరిట బఫూనులను 'జోయీ' లందురు. ఇతఁడు పాటలు పాడెడివాఁడు గనుక మౌనవిషయమున ఫ్రెంచివానికి సరి రాఁడు. 1838లోఁ జార్లెస్ డికెన్సు ఇతని స్మృతులను సంస్కరించి ప్రకటించెను. కీళ్లు పట్టుదప్పి నడువలేని స్థితిలో రంగమునకు వీడ్కోలు చెప్పిన నటుని కథ చదివి యింగ్లాండు కంటఁ దడిపెట్టెను. శోకవ్యాఖ్య కా గ్రంథము మంచి పాదు. 1946లో లండనున స్టాన్ బుల్ట్ అనునతఁడు బఫూనుల మొగములను గోడిగ్రుడ్ల పెంకులమీఁద వ్రాసి పదిలపఱుపసాగెను. ఒకని మొగమును వేఱొకఁడు దొంగిలింపరాదను వారి కట్టుబాటున కా పెంకులు దస్త్రము వంటివి.

మఱలఁ బారిసునకు వత్తము. విప్లవప్రభుత్వము 1791లో నాటకశాలల హక్కుపత్రములను రద్దుచేసి యెల్లరకు స్వేచ్ఛ నిచ్చెను. 1807లో నెపోలియను పారిసునకు ఎనిమిది నాటకశాలలు చాలునని మఱల ముడి బిగించెను. అతఁడు పడిపోయిన పిదప 1816లో, బులెవార్ ద్యు తాంప్ల్ అను వీథిలో, 'ఫునాంబ్యూల్' రంగశాల వెలసెను. ఆ పేరికిఁ ద్రాటిమీఁద నడచువారని యర్థము. దానికి లభించిన యనుమతి గారడికిని, మూఁగయాటకును మాత్రమే. ఇక్కడఁ బియరో యైనవాఁడు జాన్ గస్పార్ దెబ్యూరో. 1796లో బొహీమియాలోని కొలీను పట్టణమునఁ బుట్టి, ఊరూరఁ దిరుగు గారడికుటుంబమునఁ బెరిఁగినవాఁడు. పియరో మెడలోని కుచ్చులపట్టీని దీసివేసి, టోపీకి బదులు తలకంటుకొను నల్లనికుళ్లాయి పెట్టుకొనెను. నలుపు ప్రక్కఁ దెలుపు మెఱసెను; కడపటివరుసలోని కూలివానికిఁ గూడఁ గనుబొమ్మ కదలిక తెలియవచ్చెను. మాట లేనిచోట నీ మార్పు సామాన్యము కాదు.

1836లో వీథిని బోవుచున్న దెబ్యూరోను వేషపుపేరుతోఁ బిలిచి, దూషించి, వెంబడించిన యువకుఁ డొకఁడు, అతని చేతికఱ్ఱ దెబ్బకు మరణించెను. విచారణ జరిగి దెబ్యూరో నిర్దోషిగా విడువఁబడెను. ఆనాఁడు న్యాయస్థానమునఁ గ్రిక్కిఱిసిన జనములోఁ బలువురు వాని గొంతు వినుటకే వచ్చిరని ప్రతీతి. అతఁడు 1846లో మరణించెను. 1854-55లో నదారు, అతని తమ్ముఁడు ఆద్రియన్ తూర్నషోం, పియరో పాత్రను వారసత్వముగాఁ బొందిన కుమారుఁడు షార్ల్ దెబ్యూరోను ఛాయాచిత్రములు దీసిరి. ఒకదానియందుఁ బియరోయే కెమెరాప్రక్క నిలిచి, మనలనే చిత్రము దీయుచున్నట్లుండును. 1862లో వీథులను వెడల్పు చేయుటకై ఆ నాటకశాలల వరుస పడఁగొట్టఁబడెను. 1945లో మార్సెల్ కార్నే తీసిన 'స్వర్గబాలకులు' అను నర్థముగల చలనచిత్రమువలన దెబ్యూరో మఱల లోకప్రసిద్ధుఁడయ్యెను. అందుఁ బ్రణయవేదన యెక్కువ, హక్కుపత్రముల గొడవ తక్కువ. కవులకది తగును.

ఇంతవఱకు విదూషకుఁడు నోరు లేని ప్రజకుఁ జిహ్నము. దీనికిఁ బూర్తిగా వ్యతిరేకమైన కొమ్మ యొకటి కూడ నీ కాలముననే బలపడెను. ఒనోరె దోమియె రాజైన లూయీ ఫిలిప్పును ప్రజలసొమ్ము మ్రింగు రాక్షసునిగా వ్రాసినందులకు 1832లోఁ జెఱపాలయ్యెను. 1834లో నతఁడు వేఱొక శిలాముద్రాచిత్రమున నా రాజునే బానకడుపు విదూషకునిగా నిలిపి, వెనుకఁ బ్రతినిధిసభ కానవచ్చుచుండఁగాఁ దెర దింపించెను. ఇక్కడఁ బూతమొగము నోరులేనివానిది కాదు, నోరంతయుఁ దనదే యైనవానిది. మఱుచటియేఁట, 1835 సెప్టెంబరులో, వచ్చిన శాసనము చిత్రములను ముందుగాఁ జూపి యనుమతి పొందనిదే ప్రకటింపరాదనెను. అచ్చుమాటకు లేని ముందస్తుకట్టు బొమ్మకు వచ్చెను: మాట యభిప్రాయము, బొమ్మ చర్య యని మంత్రుల తర్కము. చదువరాని వానికిఁ గూడ నర్థమగుటయే బొమ్మ చేసిన తప్పు.

ఈ రెండవ కొమ్మ నేఁటికిని ఎండలేదు. రష్యాలో అధ్యక్షుఁడు పుతిన్ మొగమునకుఁ గనులకును, పెదవులకును రంగులు పూసి యెవరో చేసిన పట మొకటి నిరసనలలో ఫలకములమీఁదఁ గానవచ్చెను. పత్రికలు దానిని విదూషకపటమనియే పిలిచెను. 2017లో నది ప్రభుత్వమువారి తీవ్రవాదసామగ్రి పట్టికలో 4071వ యంశముగాఁ జేరెను. చూపిన హేతువు పరిహాసము కాదు. అధ్యక్షుని లైంగికస్వభావమును గూర్చి పటము చేయు సూచన. పట్టికలోఁ బట మెక్కింప వీలులేదు గనుక, కన్నులు, పెదవులు నెట్లున్నవో మాటలలో వర్ణించి వ్రాసికొనిరి. సంతనటుల కాగితపుచుట్టల నెఱిఁగినవా రీ పట్టికను జదివి నవ్వకుండుట కష్టము.

దోమియెయే పిదప 1860 ప్రాంతమున దేశద్రిమ్మరులగు విదూషకులను నీటిరంగులతో వ్రాసెను. ఒకఁడు బల్లపై నిలిచి డోలు వాయించుచుండును. వీథిని బోవువా రెవ్వరును దలయెత్తి చూడరు. ఈ చిత్రములం దధిక్షేపము లేదు. చిత్రకారుఁడును, డోలువాఁడును ఒక్కటే బ్రదుకు బ్రదుకుచున్నట్లు తోఁచును. శోకవ్యాఖ్య కేదైన నిజమైన ఆధార మున్నదన్నచో, అది యీ చిత్రములలో నున్నదని యొప్పుకొందును. ఇక్కడను శోకమునకుఁ గారణ మాఁకలియే కాని యాత్మరహస్యము కాదు.

1881 జూలై 29నాఁటి శాసనము ఫ్రాన్సులో ముద్రణస్వాతంత్ర్యమును స్థాపించి, చిత్రములపై ముందస్తు పరిశీలనను దొలఁగించి, గోడలకుఁ బ్రకటనలు అంటించుటకు నియమముల నేర్పఱచెను. నేఁటికిని ఫ్రెంచిగోడలమీఁదఁ బటములు అంటింపరాదని హెచ్చరించు చోటులనెల్ల నీ తేదీయే కనఁబడును. గోడలు రంగులతో నిండిపోయెను. జూల్ షెరె పెద్దపటములకు రంగుల శిలాముద్రణమును సానపట్టినవాఁడు. 1892లో గ్రెవె ప్రదర్శనశాలలో ఎమీల్ రెనో చూపిన వెలుఁగుబొమ్మల యాటకు నితఁడు వ్రాసిన వీథిపటమున వెలుఁగుచున్నవాఁడు పియరోయే. నోరు కట్టఁబడి రంగమునఁ బుట్టిన మూర్తి, శాసనపుఁగట్టు విప్పఁగనే గోడ యెక్కెను. ఆ కాలముననే అడోల్ఫ్ విలెత్ పియరోను దన మాఱురూపముగాఁ జేసికొని, 1888లో నా పేరనే పత్రికను నడపెను. ఇతఁడే 1889లో యూదుల ద్వేషమును బాహాటముగాఁ జాటుచు నెన్నికలకు నిలిచి, తన ప్రకటనపటమును దానే వ్రాసికొనెను. విదూషకచిహ్నమును ధరించినంతనే చిత్రకారుఁడు దీనులపక్షమువాఁడగునని నమ్మువా రీ సంగతిని మఱువరాదు.

తరువాతి మహాచిత్రకారుల విషయమున నెక్కువ చెప్పవలసినది లేదు. వారిని గూర్చి గ్రంథములు కొల్లలు. స్యూరా 1891లో ముగింపకయే విడిచిపోయిన 'సర్కసు'న విదూషకుఁడు మనకు వీఁపు చూపి నిలుచును. పికాసో 1905లో వ్రాసిన గారడికుటుంబ మిప్పుడు వాషింగ్టనులో నున్నది. జార్జి రువో మాత్ర మొక కొత్తమాట చెప్పెను: బండిప్రక్కఁ గూర్చుండి తళుకుచొక్కాకుఁ గుట్లు వేసికొనుచున్న ముసలివిదూషకునిఁ జూచి, ఆ తళుకుచొక్కా మనలో నందఱును దొడిగినదే యని లేఖలో వ్రాసెను, అతని చిత్రములందు న్యాయాధిపతులకును, రాజులకును గూడ నట్టి పూతమొగములే. రెండు కొమ్మలును అతనియొద్దఁ గలిసినవి.

ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున విదూషకునికి నోరు వచ్చెను. కాని యా నోరు వర్తకునిది. 1963లో వాషింగ్టను నగరపు టెలివిజనులో మెక్‌డొనాల్డు భోజనశాలల ప్రకటనకై రొనాల్డు అను విదూషకుఁడు పుట్టెను. తొలుత వేషము వేసినవాఁడు విల్లర్డ్ స్కాట్. తెల్లమొగము, ఎఱ్ఱజుట్టు, పసుపుదుస్తులు; పిల్లలతో నెడతెగక మాటాడును. దాని కొక యేఁడు ముందే, 1962లో, ఆండీ వార్హాల్ అంగడిలోని పులుసుడబ్బాలను వరుసగా వ్రాసి చిత్రశాలలోఁ బెట్టియుండెను. వర్తకుల ముద్రలను, ప్రకటనలబొమ్మలను జిత్రమునకు వస్తువుగాఁ గొను నీ మార్గమే పాప్‌కళ. వర్తకపు విదూషకుఁడు పుట్టునాఁటికే వానిని మఱల దోఁచుకొనఁగల చిత్రమార్గము సిద్ధమైయున్నదన్నమాట.

బ్రూస్ నౌమన్ 1987లో సిద్ధపఱచిన దృశ్యయంత్రరచనలో, విదూషకుఁడు కూడదు కూడదని యఱచుచు నేలఁ గాళ్లు తన్నుకొనుచుండును. మాట వచ్చియు నా మాటకుఁ బ్రయోజనము లేదు. 1989లో జోనథన్ బొరోఫ్‌స్కీ కాలిఫోర్నియాలోని వెనిస్ అను చోట భవనపుమూలను నిలిపిన ముప్పదియడుగుల విగ్రహమునకు, గడ్డము మాసిన విదూషకుని తల, నర్తకి దేహము. కదలవలసిన దాని కాలు, యంత్రపు చప్పుడును సహింపలేని పొరుగువారి ఫిర్యాదుచేఁ జిరకాల మాపివేయఁబడెను. ఇరువదవ శతాబ్దిలోను విదూషకునిపై నుత్తరువులు సాగుచునే యున్నవి.

నామరూపములు దెలియనీయని బాంక్సీ యను నింగ్లీషు వీథిచిత్రకారుఁడు 2004లో, వియత్నాము యుద్ధమునఁ గాలుచున్న యొడలితోఁ బరుగెత్తు బాలిక ఛాయాచిత్రమును (1972) గైకొని, ఆమె చేతుల నొకవైపు రొనాల్డునకును, ఒకవైపు మిక్కీమౌసునకును బట్టించెను. వారు నవ్వుచు జనమునకుఁ జేయి యూఁపుచుందురు. ఇది దోమియె రాజచిత్రపుఁ గొమ్మ: పూతమొగము అధికారముది. 2013 అక్టోబరులో నదే చిత్రకారుఁడు న్యూయార్కు వీథులలో నెలదినములు దినమున కొక్కటిగాఁ దన రచనలను బ్రకటించుచు, ఒకనాఁడు బ్రాంక్సు పేటలో రొనాల్డు విగ్రహమును నిలిపెను. దాని బూటు మనుష్యుని కొలఁతకు మించినది. పాదములచెంత నిజమైన బాలుఁ డొకఁడు మాసినబట్టలతోఁ గూర్చుండి గుడ్డతో నా బూటును దుడుచుచుండెను. మఱునాఁటినుండి వారమురోజులు మధ్యాహ్నభోజనవేళ నా విగ్రహమును, బాలునిని నగరములోని వేఱువేఱు మెక్‌డొనాల్డు శాలల యెదుటికిఁ దరలించిరి. లోపలికిఁ బోవువారు వారిని దాఁటియే పోవలసివచ్చెను.